సోగ్నెఫియోర్డ్ మునిగిపోయిన నది కాదు, దానికి పేరు పెట్టింది జిల్లా కాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో నార్వే పడమటి తీరం గురించి వచ్చిన యాత్రా వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. ఓస్లో, బెర్గెన్ వంటి నగరాలకు చదువులకో ఉద్యోగాలకో వెళ్లిన మనవాళ్లున్నారు, వాళ్లను చూడబోయి ఆ తీరమంతా తిరిగివచ్చే తల్లిదండ్రులూ ఉన్నారు కాబట్టి ఇటువంటి వ్యాసాలకు తెలుగులో పాఠకుల కొరత ఉండదు. రచయిత కొండలనూ జలపాతాలనూ ఎంతో శ్రద్ధగా వర్ణించారు, అందులో నాకు పేచీ లేదు. అయితే ఆ తీరంలోని సోగ్నెఫియోర్డ్ గురించి (ఫియోర్డ్ అంటే హిమానీనదం, అనగా కదిలే మంచు ప్రవాహం, తొలిచిన సముద్రశాఖ) ఆ వ్యాసం చెప్పిన నాలుగు సంగతులు మాత్రం వాస్తవానికి దూరంగా ఉన్నాయి. అది నార్వేవారి పాపికొండలని, సముద్రమట్టం పెరగడంతో మునిగిపోయిన నదీలోయ అని, సోగ్న్ అనే జిల్లాలో ఉన్నందువల్ల దానికి ఆ పేరు వచ్చిందని, ప్రపంచంలోని ఫియోర్డ్‌లన్నిటిలో పొడవైనది అదేనని రాశారు. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు మీ అనుబంధంలోని ఇలాంటి పేజీలను కత్తిరించి దాచుకుంటారు. భూగోళశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, ఆ పిల్లలను తలచుకున్నప్పుడు ఈ ఉత్తరం రాయక తప్పదనిపించింది.

చివరి సంగతి త్వరగానే తేలిపోతుంది. సోగ్నెఫియోర్డ్ నార్వేలో అన్నిటికంటే పొడవైనది, అన్నిటికంటే లోతైనది. బయటి సముద్రపు అంచున ఉన్న దీవుల నుంచి లోపల చిట్టచివరనున్న షోల్డెన్ అనే ఊరి వరకు దాని పొడవు సుమారు 205 కిలోమీటర్లు, అత్యధిక లోతు సుమారు 1,300 మీటర్లు. గ్రీన్‌లాండ్ తూర్పు తీరంలోని స్కోర్స్‌బీ సౌండ్ దాని శాఖలతో కలిపి దాదాపు 350 కిలోమీటర్లు లోపలికి చొచ్చుకుపోతుంది కాబట్టి ప్రపంచంలో మొదటి స్థానం సోగ్నెఫియోర్డ్‌కు దక్కదు. మిగిలిన మూడు పొరపాట్లు ఇంత తేలికగా తేలేవి కావు. పైగా అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి, ఎందుకంటే ఆ జలభాగం ఎలా ఏర్పడిందో సరిగ్గా తెలుసుకుంటే దాని పేరు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చాలావరకు తెలిసిపోతుంది.

ముందుగా పాపికొండల పోలిక. పడవ మీద కూర్చుని రెండు వైపులా నిటారుగా లేచిన కొండలను చూసేవారికి ఈ రెండూ ఒకేలా కనిపించడం సహజమే. కాని పాపికొండల మధ్య సాగేది గోదావరి. ఆ నది తన నీటి బలంతో కోసుకున్న కనుమ అది, అక్కడి నీరు ఎప్పుడూ ఒకే దిక్కుగా, సముద్రం వైపే ప్రవహిస్తుంది. సోగ్నెఫియోర్డ్‌లో ఉన్నది సముద్రమే. అది ఎక్కడి నుంచో బయలుదేరి మరెక్కడికో పారే నీరు కాదు. ఆటుపోట్లు దాని లోపలి కొస వరకూ వస్తాయి, పైపొర కింద ఉన్నదంతా ఉప్పునీరే, తీరం నుంచి అంత లోపలున్న ఊళ్లలో కూడా సముద్రపు చేపలు పడతాయి. ఇందుకు చరిత్రలో గట్టి ఆధారం ఒకటి ఉంది. 1184 జూన్ 15న నార్వే సింహాసనం కోసం రాజు మాగ్నుస్ ఎర్లింగ్సన్‌కూ అతని ప్రత్యర్థి స్వెర్రెకూ మధ్య నిర్ణాయకమైన నౌకాయుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో మాగ్నుస్ ప్రాణాలు కోల్పోయాడు. అది జరిగిన చోటు ఫిమ్‌రైటె, బయటి సముద్రం నుంచి వంద కిలోమీటర్లకు పైగా లోపల, సోగ్నెఫియోర్డ్ శాఖ ఒకదానిలో ఉంది. యుద్ధనౌకల దండ్లు రెండు అంత లోపలికి వచ్చి తలపడగలిగాయంటే ఆ జలమార్గం ఎటువంటిదో అర్థమవుతుంది. దానికి నది అనో సరస్సు అనో పేరు తగిలించడం ఎంత మాత్రం కుదరదు.

ఇక మునిగిపోయిన నదీలోయ అనే మాట దగ్గరకు వస్తాను. ఈ పొరపాటుకు వ్యాస రచయితను మాత్రమే తప్పుపట్టలేము. తీరరేఖల పాఠంలో రియా తీరాన్నీ ఫియోర్డ్ తీరాన్నీ పక్కపక్కనే పెట్టి రెండింటినీ మునిగిన తీరాలుగా చెప్పడం చిరకాలంగా వస్తున్న ఆనవాయితీ. అమెరికన్ భూస్వరూప శాస్త్రవేత్త డగ్లస్ జాన్సన్ 1919లో చేసిన వర్గీకరణ అనేక దేశాల పాఠ్యపుస్తకాలలో స్థిరపడిపోయింది. రియా తీరం విషయంలో ఆ మాట నిజమే. నది కోసిన లోయలోకి, సముద్రమట్టం పెరిగినప్పుడో నేల కుంగినప్పుడో ఉప్పునీరు ఎగదన్నితే రియా ఏర్పడుతుంది. సోగ్నెఫియోర్డ్‌కు ఇదే వివరణ ఇస్తే చిన్న లెక్క దగ్గరే అది నిలబడదు. దాదాపు ఇరవై వేల ఏళ్ల కిందట, హిమయుగం ఉచ్ఛస్థితిలో ఉన్నప్పుడు, భూమి మీది నీరు పెద్ద ఎత్తున మంచుగా గడ్డకట్టి ఉండడం వల్ల ప్రపంచ సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు తక్కువగా ఉండేది. అప్పటి నుంచి ఇప్పటి వరకు మట్టం పెరిగింది ఆ మేరకే. 1,300 మీటర్ల లోతులో 120 మీటర్లు తీసేస్తే మిగిలిన దాదాపు 1,200 మీటర్లు ఎక్కడి నుంచి వచ్చినట్టు? నది ఎంత పెద్దదైనా సముద్రమట్టానికి కిలోమీటరు కిందికి తన అడుగును కోసుకోలేదు, ఎందుకంటే సముద్రాన్ని చేరగానే దాని ప్రవాహవేగం, కోతశక్తి రెండూ హరించుకుపోతాయి.

పైగా అక్కడి నేల ఈ పది వేల ఏళ్లలో కుంగడం లేదు, పైకి లేస్తోంది. స్కాండినేవియాను కప్పిన మంచు పలక బరువుకు భూమి పైపొర కిందికి నొక్కుకుపోయింది. మంచు కరిగి బరువు తొలగాక అది నెమ్మదిగా లేవడం మొదలుపెట్టింది, ఇప్పటికీ లేస్తూనే ఉంది. స్వీడన్, ఫిన్లాండ్‌ల మధ్యనున్న బోత్నియా సింధుశాఖ పరిసరాలలో ఇది ఎక్కువ, నార్వే పడమటి అంచున తక్కువ. సోగ్నెఫియోర్డ్ లోపలి లోయల ముఖాల దగ్గర ఇప్పటి నీటి అంచుకు పదుల మీటర్ల ఎత్తున చదునైన మెట్లలాంటి గులకరాతి, ఇసుక నేలలు కనిపిస్తాయి. ఒకప్పుడు నదులు సముద్రంలో కలిసేచోట మేట వేసిన డెల్టాలే అవి. నేల లేచాక అవి ఎత్తున మిగిలిపోయాయి, ఇప్పుడు వాటి మీద ఊళ్లూ పొలాలూ తోటలూ ఉన్నాయి. లేస్తున్న నేలను మునిగిన తీరం అని పిల్లలకు చెప్పడం ఎంత గందరగోళమో ఇంతకంటే వివరించనక్కర్లేదు.

మరి అంత లోతును తొలిచింది మంచు. ఇక్కడ వ్యాస రచయితకు కొంత న్యాయం చేయాలి, ఎందుకంటే ఆ దారిలో మొదట ఉన్నది నదీలోయే. గత ఇరవై అయిదు లక్షల ఏళ్లకు పైగా సాగిన హిమయుగాలలో మంచు పలక మళ్లీ మళ్లీ పెరిగి, మళ్లీ మళ్లీ కరిగింది. పెరిగిన ప్రతిసారీ లోపలి పీఠభూమి నుంచి పడమటి సముద్రానికి దిగే హిమానీనదాలు పాత నదీలోయల దారినే పట్టాయి. రెండు కిలోమీటర్లకు పైబడిన మందంతో కదిలే మంచు, తన అడుగున ఇరుక్కున్న రాళ్లతో లోయ అడుగును అరగదీసి, పగుళ్లిచ్చిన బండలను పెకలించి తనతో మోసుకుపోతుంది. నీటికి సముద్రమట్టం హద్దు అవుతుంది గాని ఇంత బరువైన మంచుకు కాదు, తన బరువుతో అది సముద్రమట్టానికి ఎంతో లోతు వరకు అడుగును తొలుస్తూనే పోగలదు. లూస్త్రా, ఓర్డాల్, లెర్డాల్, ఔర్‌లాండ్, ఫ్యార్‌లాండ్ లోయల నుంచి వచ్చిన ఉపహిమానీనదాలన్నీ ఒక్కొక్కటిగా కలిసినకొద్దీ ప్రధాన హిమానీనదం మరింత మందమై, మరింత లోతుగా తొలిచింది. ప్రధాన లోయ అంత లోతుకు పోగా పక్కలోయలు పైనే ఉండిపోయాయి. రచయిత అంతగా మెచ్చుకున్న జలపాతాలలో చాలా భాగం ఆ వేలాడే లోయల అంచు నుంచి దూకేవే. ఆ దూకుడునే విద్యుత్తుగా మార్చుకుని ఓర్డాల్, హొయాంగర్ ఊళ్లలో అల్యూమినియం కర్మాగారాలు వెలిశాయి. ఇంత లోపల, ఇంత ఏటవాలు కొండల నడుమ భారీ పరిశ్రమ ఎందుకుందని ఆశ్చర్యపోయే యాత్రికులకు సమాధానం అదే. ముడిసరుకు ఓడల మీద నేరుగా రేవుకు వస్తుంది, కరెంటు కొండమీది నుంచి దిగుతుంది.

సోగ్నెఫియోర్డ్ స్వభావాన్ని నిర్ణయించే అసలైన భాగం యాత్రికుల ఫొటోలలో ఎప్పుడూ కనిపించదు. అది నీటి కింద, బయటి ముఖద్వారం దగ్గర ఉంది. లోపల వెయ్యి మీటర్లు దాటిన లోతు, సముద్రంలో కలిసే చోట సోలుండ్ దీవుల సమీపంలో, రెండు వందల మీటర్లకు లోపే తేలిపోతుంది. ఇరుకు గోడల మధ్య ఒత్తుకుంటూ వచ్చిన మంచు తీరం దగ్గర పల్లపు నేల మీద నాలుగు వైపులా పరచుకుని పలచబడింది. సముద్రంలో తేలడం మొదలయ్యాక అడుగును తాకే బలాన్ని కూడా కోల్పోయింది, అందువల్ల అక్కడి బండ అరగకుండా అడ్డంగా మిగిలింది. నార్వే భూవిజ్ఞానులు దానిని గడప అనే వ్యవహరిస్తారు, తెలుగులో కూడా మనకు అంతకంటే చక్కని మాట అక్కర్లేదు. నది కోసిన ఏ లోయలోనూ ఇటువంటి గడప ఉండదు, ఎందుకంటే నదీలోయ సముద్రం వైపు వెళ్లేకొద్దీ పల్లమవుతుందే గాని లేవదు. ఒక జలభాగం ఫియోర్డా కాదా అని పరీక్షలో ప్రశ్న వస్తే, కొండల ఎత్తు కంటే ముందు విద్యార్థి చూడవలసింది ముఖద్వారం దగ్గరి లోతునే అని నా అభిప్రాయం.

ఆ గడప ఒక్క రాతి గట్టుగా మిగిలిపోలేదు, లోపలి నీటి బతుకంతా దాని మీద ఆధారపడి ఉంది. ఐరోపా ప్రధాన భూభాగంలో అన్నిటికంటే పెద్దదైన యోస్టెడాల్స్‌బ్రీన్ హిమానీనదం నుంచి, యోటున్‌హైమెన్ పర్వతాల నుంచి దిగే వాగులు వేసవిలో చల్లని మంచినీటిని తెచ్చి పోస్తాయి. తేలికైన ఆ నీరు ఉప్పునీటి మీద పలచని పొరగా పరచుకుని సముద్రం వైపు జారుతుంది. హిమానీనదాలు నూరిన రాతిపిండి కలిసి ఉండడం వల్లనే లూస్త్రా వైపు నీరు పాలు కలిపినట్లున్న పచ్చ రంగులో కనిపిస్తుంది. ఆ పొర కింద బరువైన ఉప్పునీరు ఉంటుంది. దానికీ కింద, గడప మట్టానికి దిగువన, వందల మీటర్ల మేర నిలిచిన నీరు ఉంటుంది. బయటి సముద్రం నుంచి తగినంత బరువైన నీరు గడప దాటి వచ్చినప్పుడే ఆ అడుగునీరు మారుతుంది. ఇది నీటి కింది లోకానికి ప్రాణవాయువు అందే దారి కాబట్టి నార్వే సముద్ర శాస్త్రవేత్తలు దీనిని జాగ్రత్తగా గమనిస్తుంటారు. జలవిద్యుత్ కోసం కొండమీద జలాశయాలు కట్టి, వేసవిలో రావలసిన మంచినీటిని శీతకాలంలో వదలడం వల్ల ఈ పైపొర రాకపోకల కాలం కూడా మారింది.

ఇప్పుడు పేరు సంగతి. సోగ్నెఫియోర్డ్ అన్న పేరులో రెండు ముక్కలున్నాయి. మొదటి ముక్క అయిన సోగ్న్ అనేది ప్రాచీన నార్స్ భాష నాటికే ఉన్న పేరు. పీల్చడం, లాగడం అనే అర్థమున్న ఒక పాత ధాతువుకు దానిని ముడిపెట్టి, ముఖద్వారం దగ్గర నీటిని లాగే ప్రవాహానికి అది గుర్తు అని స్థలనామాల పరిశోధకులలో ఎక్కువమంది చెబుతారు. గడప ఉన్న చోటనే, రోజుకు రెండుసార్లు అంత పెద్ద జలభాగం ఊపిరి పీల్చి వదిలినట్లు నీరు లోపలికీ బయటికీ కదిలే చోటనే, ఆ పేరు పుట్టిందన్నమాట. తెడ్లతో, తెరచాపలతో ప్రయాణించే నావికులకు బయటి సముద్రం విడిచి లోపలికి తిరిగే మలుపు దగ్గర తెలియవలసిన మొదటి సంగతి నీరు ఎటు లాగుతుందన్నదే. లోపలి కొండలను గాని, మంచును గాని, జలపాతాలను గాని చూసి పెట్టిన పేరు కాదది. పడవ నడిపేవాళ్లు తమ పని కోసం పెట్టుకున్న పేరు.

ఆ విధంగా మొదట సోగ్న్ అన్నది నీటి పేరు. ఆ నీటికి ఇరువైపులా, దాని శాఖల వెంట ఉన్న నేలంతా తర్వాత ఆ పేరుతో పిలవబడింది, చివరికి ఆ పేరు ప్రాంతానిదిగా స్థిరపడిపోయాక నీటిని వేరుగా చెప్పడానికి ఫియోర్డ్ అనే మాటను దాని వెనుక చేర్చవలసి వచ్చింది. అంటే వ్యాసంలో చెప్పిన వరుస పూర్తిగా తలకిందులైంది. జిల్లా పేరు నీటికి రాలేదు, నీటి పేరే జిల్లాకు వచ్చింది. ఇది ఒక్క సోగ్న్ విషయంలోనే జరిగింది కాదు. ఓస్లో ముందున్న ఫియోర్డ్‌కు ప్రాచీన నామం ఫోల్డ్. ఆ నీటికి పడమట ఉన్న నేల వెస్ట్‌ఫోల్డ్, తూర్పున ఉన్నది ఓస్ట్‌ఫోల్డ్ అయ్యాయి, ఆ రెండు పేర్లూ ఈనాటికీ పరిపాలనా విభాగాలకు ఉన్నాయి. నీరు మాత్రం తన అసలు పేరును పోగొట్టుకుని నగరం పేరుతో క్రిస్టియానియా ఫియోర్డ్ అయింది, 1925లో నగరానికి ఓస్లో అనే పూర్వనామం తిరిగి వచ్చాక ఓస్లోఫియోర్డ్ అయింది. హార్డాంగర్, గైరాంగర్ పేర్ల చివరనున్న ఆంగర్ అనే భాగానికి ఇరుకైన సముద్రశాఖ అనే అర్థం. హార్డాంగర్ కాలక్రమంలో నేల పేరై, గైరాంగర్ ఊరి పేరై స్థిరపడ్డాయి కాబట్టి, నీటికి చెప్పేటప్పుడు వాటికి మళ్లీ ఫియోర్డ్ చేర్చి హార్డాంగర్‌ఫియోర్డ్, గైరాంగర్‌ఫియోర్డ్ అంటున్నారు. నేల మీద రోడ్లు లేని కాలంలో కొండ దాటి పక్క ఊరికి పోవడం కంటే పడవ ఎక్కి వంద కిలోమీటర్లు పోవడమే సులువు. ఒకే నీటి మీద రాకపోకలు ఉన్నవాళ్లు ఒకే ప్రాంతంవాళ్లయ్యారు. పడమటి నార్వే జనమంతా పడవల మీద వచ్చి చట్టాలు చేసుకున్న గూలాతింగ్ అనే ప్రాచీన సభ సోగ్నెఫియోర్డ్ ముఖద్వారానికి దక్షిణాన గూలెన్‌లోనే జరిగేది. నేటి పటంలో అంచున ఉన్నట్లు కనిపించే చోటు ఆనాటి జలమార్గాలకు నడిబొడ్డు.

వ్యాస రచయిత చెప్పిన సూత్రం శాఖల విషయంలో మాత్రం బాగానే పనిచేస్తుంది, బహుశా పొరపాటు అక్కడే మొదలై ఉంటుంది. లెర్డాల్స్‌ఫియోర్డ్, ఓర్డాల్స్‌ఫియోర్డ్, ఔర్‌లాండ్స్‌ఫియోర్డ్, ఫ్యార్‌లాండ్స్‌ఫియోర్డ్ అన్నవి ఆ శాఖ కొసన ఉన్న లోయ పేరునో ఊరి పేరునో తీసుకున్నాయి. ఈ పేర్లలో నేల ముందు, నీరు తర్వాత. ప్రధాన జలభాగానికి మాత్రమే నీటి నుంచి పుట్టిన పొట్టి పేరు మిగిలింది. పటం మీద ఈ తేడాను చూసి ఏది పాత పేరో, ఏది తర్వాతి పేరో ఊహించగలగడం భూగోళ విద్యార్థికి ఎంతో ఉపయోగపడే పాఠం.

ఇంకొక చిక్కు కూడా ఉంది. డేనిష్, నార్వేజియన్ భాషల్లో చర్చి పరిధిలోని గ్రామ విభాగాన్ని కూడా సోగ్న్ అంటారు, దాని మూలం వేరు. నిఘంటువులో ఆ అర్థం ముందు కనిపించడంతో సోగ్నెఫియోర్డ్ అంటే చర్చి విభాగపు ఫియోర్డ్ అని కొందరు అనువదిస్తుంటారు. ఉచ్చారణలో పోలిక తప్ప ఆ రెండింటికీ సంబంధం లేదు. అలాగే సోగ్న్‌డాల్ అనే ఊరి పేరు అక్కడి వాగు పేరు నుంచి వచ్చిందని చెబుతారు గాని ప్రాంతం పేరు నుంచి కాదు. 1919 నుంచి ఆ జిల్లాకు సోగ్న్ ఓగ్ ఫ్యూర్డానె అనే పేరుండేది, అంటే సోగ్న్, ఫియోర్డ్‌లు అని. దేశంలోకెల్లా పెద్ద ఫియోర్డ్ ఉన్న సోగ్న్‌ను ఫియోర్డ్‌ల నుంచి వేరు చేసి ఎందుకు చెప్పారని చాలామందికి సందేహం కలుగుతుంది. ఫ్యూర్డానె అన్నది ఉత్తరాన ఉన్న సున్‌ఫియోర్డ్, నూర్‌ఫియోర్డ్ ప్రాంతాల ఉమ్మడి పేరు. 2020 జనవరి 1న ఆ జిల్లాను హోర్డాలాండ్‌తో కలిపి వెస్ట్‌లాండ్ అన్నారు కాబట్టి ఇప్పుడు సోగ్న్ అనే పేరుతో పరిపాలనా జిల్లా ఏదీ లేదు. జిల్లా పేరు వల్ల నీటికి పేరు వచ్చిందన్న మాటకు ఈనాటి పటం కూడా మద్దతివ్వదు.

ఫియోర్డ్ అనే సామాన్య నామాన్ని కూడా కొంత జాగ్రత్తగా వాడాలి. భూగోళశాస్త్రంలో దానికి హిమానీనదం తొలిచిన సముద్రశాఖ అనే కచ్చితమైన అర్థముంది. స్కాండినేవియా ప్రజల నోట అది అంతకంటే విశాలమైన మాట, ప్రయాణించడం, దాటడం అనే అర్థాలున్న ధాతువు నుంచి వచ్చింది. నార్వే లోనాడులో ఉన్న తీరిఫియోర్డ్, రాన్స్‌ఫియోర్డ్ మంచినీటి సరస్సులు. డెన్మార్క్‌లోని లిమ్‌ఫియోర్డ్ లోతు తక్కువైన, కొండలు లేని జలమార్గం. 1825 ఫిబ్రవరిలో వచ్చిన తుపానుకు ఉత్తర సముద్రం ఇసుకతిన్నెను తెంచి దానిలోకి చొరబడ్డాక అది రెండు సముద్రాలను కలిపే జలసంధి అయింది, డెన్మార్క్ ఉత్తరపు కొస దీవిగా మారింది, అయినా పేరు మారలేదు. ఇవేవీ భూగోళశాస్త్రం చెప్పే ఫియోర్డ్‌లు కావు. అందువల్ల పేరు చివర ఆ మాట ఉంది కదా అని ప్రతిదాన్నీ ఒకే గాటన కట్టి చూపే పట్టికలను మీ విద్యా పేజీలలో ప్రచురించే ముందు సరిచూడవలసిందిగా కోరుతున్నాను.

సోగ్నెఫియోర్డ్ అంతా ఒకే తీరుగా ఉంటుందన్న భావన కూడా వ్యాసం చదివినవారికి కలుగుతుంది. రచయిత తిరిగింది ప్రధానంగా ఔర్‌లాండ్, నేరోయ్ శాఖలలో. నేరోయ్‌ఫియోర్డ్ ఒకచోట 250 మీటర్ల వెడల్పుకు కుంచించుకుపోతుంది. 2005లో గైరాంగర్‌ఫియోర్డ్‌తో కలిపి దానిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు, కనుక యాత్రికులంతా అక్కడికే వెళతారు. కాని బయటి అంచు వేరే లోకం. అక్కడ కొండలు పొట్టివి, నున్నగా అరిగినవి. సముద్రం నుంచి వచ్చే మేఘాలు అక్కడే కురిసిపోవడం వల్ల బ్రెక్కె వంటి చోట్ల ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. లోపల కొండల చాటున ఉన్న లెర్డాల్‌లో పడేది దాదాపు 500 మిల్లీమీటర్లే. ఒకే జలభాగం ఒడ్డున ఇంత తేడా ఉండడం, లోపలి ఎండ తగిలే వాలులలో ఆపిల్, రాస్ప్‌బెర్రీ తోటలు పెరగడం రచయిత దృష్టికి రాకపోవడం నాకు విచారం కలిగించింది. లూస్త్రా శాఖ ఒడ్డున ఉన్న ఉర్నెస్ కొయ్య చర్చి 1979లోనే ప్రపంచ వారసత్వ స్థలమైంది. దాని గురించి కూడా ఒక్క మాట లేదు.

లోతు గురించిన లెక్కలు పుస్తకాలకే పరిమితమని అనుకోనక్కర్లేదు. ఉత్తర దక్షిణాలుగా సాగే E39 అనే రహదారి లావిక్, ఓపెడాల్ ఊళ్ల మధ్య సోగ్నెఫియోర్డ్‌ను దాటాలి. అక్కడ వెడల్పు సుమారు 3.7 కిలోమీటర్లు, లోతు 1,200 మీటర్లకు పైనే. అంత లోతున వంతెనకు స్తంభం నిలపడం సాధ్యం కాదు, అడుగు కింద నుంచి సొరంగం తవ్వాలంటే వాహనాలు అంత లోతుకు దిగి మళ్లీ ఎక్కాలి. అందుకే నార్వే ఇంజనీర్లు నీటిలో తేలియాడే సొరంగం వంటి ఆలోచనలను కూడా పరిశీలించారు, ప్రస్తుతానికి మాత్రం వాహనాలను పెద్ద పడవలే దాటిస్తున్నాయి. పూర్తిగా బ్యాటరీలతో నడిచే మొదటి కార్ల పడవ ఆంపియర్ 2015లో సేవ ప్రారంభించింది కూడా ఈ దాటుడు మీదనే. ఎప్పుడో మంచు తొలిచిన లోతు నేటి రోడ్డు ప్రయాణాన్ని ఇప్పటికీ ఆపుతోందని చెబితే ఏ విద్యార్థీ ఈ పాఠాన్ని మరచిపోడు.

పేరును తెలుగులో ఎలా రాయాలన్న ప్రశ్నకు నా వంతు సూచన కూడా చెబుతాను. నార్వేవారి ఉచ్చారణలో చివరి డకారం వినబడదు, అయినా మన పాఠకులకు ఫియోర్డ్, ఫియర్డ్ అన్న రూపాలే అలవాటైనవి కాబట్టి వాటిలో ఏదో ఒకటి ఎంచుకుని ఆ వ్యాసం పొడవునా అదే వాడితే చాలు. ఈసారి వచ్చిన వ్యాసంలో మూడు రకాల రాతలున్నాయి, ఒకచోట సోగ్నే నది అని కూడా ఉంది. సోగ్నెఫియోర్డ్ అని కలిపి రాసి, దాని పక్కన నది, సరస్సు, లోయ అనే మాటలు ఏవీ చేర్చకుండా ఉంటే పేరు తన పని తాను చేస్తుంది.

మీరు తదుపరి ఆదివారం అనుబంధంలో ఒక చిన్న సవరణ ప్రచురించగలిగితే సంతోషిస్తాను. పర్యాటక శాఖల ఫొటోలు ఇప్పటికే చాలా వచ్చాయి కాబట్టి, ఈసారి వాటికి బదులు షోల్డెన్ నుంచి సోలుండ్ దీవుల వరకు సోగ్నెఫియోర్డ్ అడుగు ఎలా ఉంటుందో చూపే నిలువుకోత చిత్రం ఒకటి వేయించమని నా మనవి. ఆ చిత్రంలో లోపలి 1,300 మీటర్ల లోతునూ ముఖద్వారం దగ్గరి గడపనూ ఒకే కొలతలో చూపించి, గడప ఉన్న చోటనే సోగ్న్ అనే పేరును రాయించండి.

ఇట్లు,
విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం.